మూడు మూరల గట్టు

వల్పరాయిసో కొండమీద కొత్త వాటా.
వంటగట్టు మూడు మూరలా ఒక జాన.
మోచెయ్యి ఆనించి మళ్ళీ కొలిచాను,
ఈసారి జాన కాస్తా బెత్తెడైంది.
గోడకి ఒకటే ప్లగ్గు,
పక్కన కిటికీ,
కిటికీ నిండా ఓడరేవు క్రేన్లు.

పాత ఇంటి నుంచి దిగిన మెషీన్లు మాత్రం తొమ్మిది.
"అన్నీ ఉంచుకో అత్తా,
ఏదో ఒకరోజు పనికొస్తాయి" అంది లియోకాడియా.
ఏదో ఒకరోజు అనే తేదీని
ఏ క్యాలెండర్లోనూ చూడలేదు నేను.
రేవు క్యాంటీన్లో ముప్ఫై ఒక్కేళ్ళు వండినదాన్ని,
పనిలేనిదానికి నిలబడే చోటుండదని
కాళ్ళతో నేర్చుకున్నదాన్ని.

తొమ్మిదింటినీ మంచం కింద పడుకోబెట్టాను.
నెల గడువు.
వంగి మూడుసార్లు పైకి తీసినదానికే
గట్టుమీద కాపురం.
నా నడుం అబద్ధం చెప్పదు,
డెబ్బై దాటాక అసలే చెప్పదు.

కెటిల్ ఆ సాయంత్రమే లేచింది.
మాకు రాత్రి తిండంటే టీ, రొట్టె, చిదిపిన అవకాడో.
నీళ్ళు కాగే చప్పుడు వినకపోతే
పొద్దు గుంకినట్టే ఉండదు.

టోస్టర్ లేవలేదు.
గ్యాసు మంట మీద పెట్టే తీగల జల్లెడ ఉంది, అమ్మది,
దానిమీద అంచు మాడితేనే రొట్టెకి రొట్టె వాసన.
రొట్టెల మెషీను లాటరీలో వచ్చింది.
నాలుగు గంటలు గురగురమని
చివరికొక ఇటుకను కంటుంది.
నలభై రెండు మెట్లు దిగితే బేకరీ,
ఆరింటికల్లా చేతులు కాలే రొట్టెలు.
జ్యూసు మెషీనుకి తాగడం ఒక నిమిషం,
కడగడం ఇరవై.
ఇక పదిహేడు మీటల కుక్కరు, పేరు గొప్ప ఊరు దిబ్బ,
అన్ని మీటల్లో నాకర్థమైంది
ఆపేది ఒక్కటే.

పన్నెండో రాత్రి భూమి కదిలింది.
పెద్దదేం కాదు,
ఇక్కడి పసిపిల్లలు నిద్ర లేవనంత.
కింది వాటాలో ఏదో బరువైనది దొర్లింది,
తర్వాత గాజు,
తర్వాత తిట్టు.
నా కెటిల్ జానెడు నడిచి ఆగింది.

ఆ వారమే పక్కవాటా నోల్బెర్తోకి
ఏడు పళ్ళు ఒక్కసారే పీకారు.
క్రేను నడిపిన మనిషి,
రేవు మొత్తం వినబడేలా అరిచిన గొంతు,
ఇప్పుడు దూదిలా వస్తోంది.
వైరుకి టేపు చుట్టిన చేతి బ్లెండరు
ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నదే.
గుమ్మడి, బంగాళాదుంప, కాస్త మొక్కజొన్న,
గిన్నెలోనే గిర్రుమనిపించి పంపాను.
మూడుసార్ల లెక్క రెండురోజుల్లోనే తీరింది.
ఒక్కసారీ నా నోటికోసం కాదు.
ఎవరి నోటికోసమన్నది
నా షరతులో రాసుకోలేదు.

నెల నిండింది, కొత్త పళ్ళూ వచ్చాయి.
గుమ్మంలో నిలబడి నవ్వాడు,
ఎవరిదో నవ్వు అరువు తెచ్చుకున్నట్టు.
సంతోషమే. వెళ్ళాక బ్లెండరు కడిగి, తుడిచి,
వైరు చుట్టి
మంచం పక్కన వంగబోయి
ఎందుకో అలాగే ఉండిపోయాను.

తలుపు చప్పుడు.
ఒక చేతిలో ఖాళీ గిన్నె,
ఇంకో చేతిలో సుత్తి, కొక్కెం.
"పళ్ళున్నాయిగా, నములు" అన్నాను.
"ఉన్నాయి, ఇంకా పరిచయం కాలేదు."
గట్టు వంక చూశాడు, గోడ వంక చూశాడు.
"చోటు లేకపోతే పైన వేలాడదియ్యాలి,
రేవులో నేర్పిందదే."

కొక్కెం కాస్త వంకరగా దిగింది.
కిటికీలో పెద్ద క్రేన్లు,
గోడమీద నా చిన్న క్రేను.
గట్టు ఇప్పటికీ మూడు మూరలే,
పైన జానో బెత్తెడో తేలలేదు.
రాత్రి భూమి ఒత్తిగిల్లితే మాత్రం
అందరికంటే ముందు
అదే ఊగి చెబుతోంది.